పిడికిలి ఎత్తితే

పచ్చకోటు సూపర్‌వైజరమ్మ ఒళ్ళు విరుచుకుంది. పాపం, ఆవిడ చేసిన తప్పల్లా అదే. పొద్దుట్నుంచీ నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చెప్పిందే చెప్పీ చెప్పీ నడుం పట్టేసినట్టుంది. మాట మధ్యలో ఆగి, కుడిచేతి పిడికిలి బిగించి నెత్తిమీదికి చాచింది. అంతే, వరసలో బుద్ధిగా నిలబడి ఉన్న పాత మిల్లు ఆడవాళ్ళు ఉన్నపళంగా ఆవిడ మీదికి పరుగెత్తారు.

అందరికంటే ముందు చేరింది వదిన. చేరడమేమిటి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళన్నీ ఉన్నాయో లేదో అన్నట్టు తిప్పి తిప్పి చూసింది. వెనకాలే కండెల పిన్ని, ఆమె వెనక ఇంకొందరు. సూపర్‌వైజరమ్మ బిత్తరపోయి గోడకి అతుక్కుపోయింది.

"ఏంటమ్మా? ఏమైంది? ఎందుకలా మీదికొచ్చేస్తున్నారు?"

పరుగెత్తినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయారు. వరస చివర్న కదలకుండా నిలబడ్డ మరదలే పగలబడి నవ్వుతూ వచ్చి సంగతి విప్పింది.

"ఏం లేదమ్మా, కంగారుపడకండి. మా మగ్గాల షెడ్డులో ఎవరైనా పిడికిలి నెత్తిమీదికి ఎత్తారంటే, నా మగ్గం ఆగింది, సాయానికి రండి అని. ఆ మోతలో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు కదా. అందుకని వీళ్ళు అన్నీ చేతుల్తోనే చెప్పుకునేవాళ్ళు. పిడికిలి కనపడిందా, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తాల్సిందే."

"మిల్లు మూసేసి చాలా కాలమైందిగా?"

"కాళ్ళకి ఆ కబురు చెప్పడం మర్చిపోయాం తల్లీ!" అంది కండెల పిన్ని, గది దద్దరిల్లేలా.

అందరూ నవ్వారు. సూపర్‌వైజరమ్మ కూడా నవ్వింది. చిన్నపిల్ల, మంచిపిల్లే. ఇంకా తన చేతులు వదలని వదిన వైపు తిరిగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"ఇక్కడ మీకా బాధ లేదండీ. చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో. ఇక్కడ పనంతా మాట మీదే నడుస్తుంది."

ఆ మాట వదినకి చెవిలో పడలేదు. పెదవుల మీద కనపడింది. కనపడి గుండెల్లో రాయిలా పడింది.

మరదలంటే ఆమె మొగుడి చెల్లెలు. మరదలు నోరారా పిలిచే 'వదినా' అనే పిలుపు మిల్లంతా అంటుకుని, ఆమె అందరికీ వదినే అయి కూర్చుంది. ఆఖరికి మేస్త్రీ కూడా 'వదినగారూ, పోగు తెగింది చూడండి' అనేవాడు. ఆ మిల్లు ఇప్పుడు లేదు. మిల్లున్న చోటే తెల్లటి గోడలతో సరుకుల గోదాము లేచింది. 'పోయిన ప్రతి ఉద్యోగానికీ ఒక కొత్త ఉద్యోగం' అని గేటు మీద మనిషెత్తు అక్షరాలతో బోర్డు పెట్టారు. మిల్లు వెనకనున్న లైను ఇళ్ళు కూడా గోదామువాళ్ళే కొన్నారు. ఇంటికి ఒకరైనా గోదాములో పని సంపాదించుకుంటే ఆ ఇల్లు ఆ ఇంటివాళ్ళదే. లేదంటే నెలాఖరుకి సామాను సర్దుకోవాలి.

పని కావాలన్నవాళ్ళని వారం పాటు చిన్న గదిలో పెట్టి చూస్తారు. నచ్చితే పెద్ద హాల్లోకి తీసుకుంటారు. చిన్న గదికీ పెద్ద హాలుకీ మధ్య నిలువెత్తు అద్దాల గోడ. ఈ వారం పరీక్ష వదినకీ మరదలికీ, వచ్చే వారం కండెల పిన్ని వాళ్ళకీ అని తేలింది. పోతూ పోతూ కండెల పిన్ని అద్దంలోంచి హాలు వైపు చూసి, "అబ్బో, పెళ్ళివారిల్లులా వెలిగిపోతోందే" అంది. అద్దానికి అవతల చెవిలో చిన్న నల్లబిళ్ళలు పెట్టుకున్న కుర్రకారు బళ్ళు తోసుకుంటూ, నేలమీద జారుతున్నట్టు తిరుగుతున్నారు. ఒక్కరి పెదవీ కదలడం లేదు. చేతులూ కదలడం లేదు. అదేం పనో వదినకి అంతుపట్టలేదు.

*

చిన్న గదిలో పని పైకి చూస్తే ఏమీ లేదు. అటూ ఇటూ ఇనప అరలు, మధ్యలో నడవడానికి సందులు. పైకప్పులో ఒక స్పీకరు. అందులోంచి ఒక ఆడగొంతు పిలుస్తుంది: ముందు కోటు మీది నంబరు, తర్వాత ఏ వరస, ఏ అర, ఎన్ని పెట్టెలు. ఆ నంబరు కోటువాళ్ళు వెళ్ళి, ఆ పెట్టెలు తీసి, చివర్న కదులుతున్న పట్టీ మీద పెట్టాలి. తిరిగొచ్చేసరికి ఇంకో పిలుపు.

స్పీకరు పలగ్గానే వదిన తలెత్తి చూసింది. గొంతు వినిపించింది. అబద్ధమెందుకు, గొంతు వినిపించింది. మాట మాత్రం అందలేదు. ఎవరో మందపాటి దుప్పటి ముసుగేసుకుని లోపల్నుంచి మాట్లాడుతున్నట్టుంది. అదే గొంతు మనిషై ఎదురుగా నిలబడితే ఆమెకి ఒక్క అక్షరం పొల్లుపోదు. స్పీకరుకి పెదవులేవి!

మిల్లు ఆగిపోయిన కొత్తలో, ఊరే మూగబోయిందనుకుంది వదిన. మిల్లు మోత పోయింది కాబట్టి అంతా ఇంత నిశ్శబ్దంగా ఉంది కాబోలు అనుకుంది. గిన్నె జారిపడితే చప్పుడు కాదేం, తలుపు కొడితే తెలియదేం అని చాలా రోజులు ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత ఒకరోజు ఆశ్చర్యపోవడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సైగ కూడా లేదు. తెగిన పోగుకి సైగ ఉంది, రెండు వేళ్ళు కత్తెరలా ఆడించడం. నూలు అయిపోయిన కండెకి ఉంది. నడుం నొప్పికి ఉంది, ఆకలికి ఉంది, మీసం మెలేస్తే మేస్త్రీ వస్తున్నాడని, నోరు మూసుకోమని. చెవికి మాత్రం లేదు. ఆ షెడ్డులో దానితో ఎవరికి పని పడింది గనక?

రెండోసారి గొంతు పలికింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి కోట్లు ఒకరు చూసుకుని, అందరూ వదిన వైపు తిరిగారు. పిలుపు తనకే. ఏ వరస? ఏ అర?

సందుకి అవతలి చివర మరదలు నిలబడి ఉంది. జుట్టు సవరించుకుంటున్నట్టు ఎడమచెయ్యి ఎత్తింది. నాలుగు వేళ్ళు. ఆ చెయ్యే నడుం మీదికి దిగింది. కుడిచెయ్యి కోటు గుండీ దగ్గర రెండు వేళ్ళు చూపించింది. నాలుగో వరస, కింది అర, రెండు పెట్టెలు. వదిన ఆలోచించలేదు. కాళ్ళే తీసుకుపోయాయి.

మరదలి చెవులు బంగారం. ఆమె మిల్లులో పనిచేసింది మడతల గదిలో. అక్కడ బట్ట కొలిచి మడత పెట్టడమే, మోత లేదు. కానీ పొద్దస్తమానం మడతల గది నుంచి మగ్గాల షెడ్డుకి కబుర్లు మోసేది కాబట్టి చేతిమాటలన్నీ వంటబట్టాయి. సాయంత్రం దాకా ఆమె తన పిలుపులకి తను పరుగెత్తుతూనే, వదిన పిలుపు వచ్చినప్పుడల్లా ఎక్కడున్నా ఒక అడుగు సందులోకి వేసి చెయ్యి ఆడించింది. ఇద్దరూ దాని గురించి ముందు అనుకోలేదు. తర్వాత కూడా ఏమీ అనుకోలేదు.

*

ఇంటికొచ్చేసరికి వదిన మొగుడు పొయ్యి దగ్గరున్నాడు. మిల్లులో రంగుల సెక్షను మనిషి, గోళ్ళ అంచుల్లో నీలం ఇంకా వదల్లేదు. ఆయన వయసు చూసే గోదాము గేటు దగ్గర వెనక్కి పంపేశారు. అప్పట్నుంచీ వంట తనే మీద వేసుకున్నాడు. కూరలో ఉప్పెక్కువైందంటే మాత్రం మొహం మాడ్చుకుంటాడు.

గరిటె తిప్పుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "ఎలా ఉంది పని?"

వదిన కాళ్ళు కడుక్కుంటూనే ఉంది.

"అడుగుతున్నది నిన్నే."

"బాగుందన్నయ్యా," అంది మరదలు గబుక్కున. "మీ ఆవిడ దుమ్ము దులిపేస్తోంది. అక్కడి కుర్రపిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు."

"ఆవిణ్ణి అడిగితే నువ్వు చెప్తావేంటే? నా మాట పెడచెవిన పెట్టడం ఆవిడకి మొదట్నుంచీ అలవాటేలే." ఆయన గిన్నె దించాడు. "టీవీలో చెప్తున్నారు. పోయినవాటికంటే ఎక్కువ ఉద్యోగాలే వచ్చాయట. ఇంక జనానికి ఏడవాల్సిన అవసరం లేదట."

ఇటు తిరిగి చెప్పాడు కాబట్టి ఈ మాట వదినకి తెలిసింది. "మనకొస్తే వచ్చినట్టు," అంది, మామూలుగా, అంటే వీధి చివరిదాకా వినపడేలా.

"మెల్లిగానే! పక్కింటివాళ్ళు నీకు ఉద్యోగం వచ్చేసిందనుకుని ఊరంతా టముకు వేస్తారు."

తిన్నాక వదిన గిన్నెలు తోముతుంటే మరదలు కడుగుతోంది. వదిన సబ్బుచేత్తో ఆమె మోచెయ్యి పట్టి ఆపింది. ఎంత తగ్గించాలనుకున్నా గొంతు తగ్గదని భయమేసి, పెదవులు మాత్రమే ఆడించింది.

"నాకోసం నువ్వు వెనకబడుతున్నావు. ఇవాళ రెండుసార్లు నీ పిలుపు దాటిపోయింది. నేను చూశా."

"చూస్తావు చూస్తావు. నీ కళ్ళకి అడ్డేముంది," అంది మరదలు కూడా గొంతు లేకుండానే. "ఇద్దరికీ వస్తుందిలే. వచ్చాక నా మొదటి నెల జీతంతో నీకు చెవికమ్మలు చేయిస్తా, చూస్తూ ఉండు."

"నీ వేళాకోళం మండిపోనూ!"

ఇద్దరూ నవ్వారు. పొయ్యి దగ్గర కూర్చున్న ఆయనకి ఏమీ వినపడలేదు. "ఏంటా నవ్వులు, నన్నేగా?" అన్నాడు.

*

వారం సగం గడిచేసరికి చిన్న గదిలో వదినని మించినవాళ్ళు లేరు. ఆమెలో గొప్పేమీ లేదు, అలవాటంతే. ఏళ్ళ తరబడి మగ్గాల మధ్య ఇరుకు సందుల్లో పక్కకి నడిచి నడిచి, భుజం తగలకుండా తిరగడం, చూడకుండానే చెయ్యి చాచి అందుకోవడం ఒంటికి పట్టేశాయి. పెట్టె మీద చెయ్యి పడిందంటే పట్టీ మీద చేరినట్టే. మిగతావాళ్ళు పిలుపు విని ఒక్క క్షణం ఆలోచిస్తారు. వదినకి ఆలోచన లేదు, మరదలి వేళ్ళే ఉన్నాయి.

సూపర్‌వైజరమ్మ మురిసిపోయింది. మరదలిని చూస్తే మాత్రం ఆవిడకి విసుగొచ్చేది. "ఎందుకమ్మా ఊరికే దిక్కులు చూస్తారు? చేతులెందుకలా తిప్పుతారు? మనసు పని మీద పెట్టండి." మరదలు అన్నిటికీ "సరేనమ్మా" అనేది. తల వంచుకుని ఇటు తిరిగి వదినకి కన్ను కొట్టేది. ఆ కన్ను కొట్టడం చూసినప్పుడల్లా వదిన చూపు తిప్పేసుకునేది.

పరీక్ష ముగియడానికి ముందురోజు, వదిన ఒంగి కింది అరలో పెట్టెలు సర్దుతుంటే వెనక నుంచి సూపర్‌వైజరమ్మ వచ్చింది. ఏదో అడిగింది. వదిన సర్దుతూనే ఉంది. మళ్ళీ అడిగింది. ఈసారి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి, తల పక్కకి వంచి వదిన వీపు వైపు వింతగా చూసింది. ఇదంతా వదినకి తర్వాత మరదలు చెబితే తెలిసింది. అప్పుడామెకి తెలిసిందల్లా అరికాళ్ళ కింద నేల దడ్‌మని అదరడం. ఉలిక్కిపడి తిరిగింది. సందు మధ్యలో పెట్టె బోర్లాపడి, గాజుసీసాలు పగిలి, ఏదో నూనె నేలంతా పారుతోంది. దాని పక్కన చేతులు వేలాడేసుకుని మరదలు.

పెట్టె మరదలి చేతిలోంచి జారలేదు. వదినకి చూడగానే అర్థమైంది. జారిపడ్డ పెట్టె కాళ్ళ దగ్గర పడుతుంది. ఇది దూరంగా, వదినకి దగ్గరగా పడింది. విసిరింది.

"జారిపోయిందమ్మా," అంటోంది మరదలు.

సూపర్‌వైజరమ్మ ఏం అడగడానికి వచ్చిందో మర్చిపోయింది. మరదలిని చెడామడా తిట్టలేదు, ఆ పిల్లకి తిట్టడం రాదు. మొహం మాత్రం పాలిపోయింది. "నేను పైవాళ్ళకి ఏం చెప్పుకోనమ్మా?" అంది.

వదిన ముందుకి వచ్చింది. ఇంక ఆగలేకపోయింది. "అమ్మా, అది... తప్పు దానిది కాదమ్మా, నాకు..."

సూపర్‌వైజరమ్మ భుజం మీదుగా మరదలి మొహం కనిపిస్తోంది. మరదలు లేని మీసాన్ని గట్టిగా మెలేసింది. మేస్త్రీ వస్తున్నాడు, నోరు మూసుకో. ఒకసారి కాదు, మళ్ళీ మెలేసింది. కళ్ళలో నవ్వు లేదు.

"నాకు గుడ్డ ఇవ్వండమ్మా, తుడిచేస్తాను," అంది వదిన.

మోకాళ్ళ మీద కూర్చుని, గాజుపెంకులు ఏరుతూ నూనె తుడుస్తుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యమేసింది. ఇల్లు నిలబడాలి, నిజమే. కానీ ఆ పిల్ల అలా తలవంచుకుని నిలబడితే తను నోరు కుట్టేసుకుని నేల తుడవడమేమిటి? ఏడుపొచ్చింది. తుడుస్తూనే ఏడ్చింది. చప్పుడు చేశానో ఏమో అని భయపడి ఏడుపు కూడా ఆపేసుకుంది.

*

మర్నాడు సాయంత్రం సూపర్‌వైజరమ్మ అందరినీ నిలబెట్టి పేరుపేరునా చెప్పింది. వదిన దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. "మీరు సోమవారం నుంచి పెద్ద హాల్లో. నేను ఇంత తొందరగా పని పట్టుకున్నవాళ్ళని చూడలేదండీ." చిన్న డబ్బీ తెరిచి, ఒక నల్లబిళ్ళ తీసి, తన చేత్తోనే వదిన చెవిలో పెట్టి చూపించింది. "హాల్లో స్పీకరు ఉండదు. ఎవరి పిలుపు వాళ్ళ చెవిలోనే. కాగితం లేదు, తెర లేదు, రెండు చేతులూ పనికే. ఇదిక మీదే, ఇంటికి తీసుకెళ్ళండి."

చప్పట్లు కొట్టారు. వదిన చెవిలో బిళ్ళ పెట్టుకుని బొమ్మలా నిలబడింది.

మరదలి ముందు సూపర్‌వైజరమ్మ కాసేపు నేల చూపులు చూసింది. "ఏమీ అనుకోకండమ్మా. మీకు శ్రద్ధ లేదని కాదు. కాస్త వినడం తక్కువ."

మరదలు పక్కున నవ్వింది. ఆ నవ్వు ఎందుకో సూపర్‌వైజరమ్మకి తెలియదు. తెలిసిన వదినకి నవ్వు రాలేదు.

గేటు దాటగానే వదిన రోడ్డు మీదే ఆగిపోయింది. "వెనక్కి వెళ్దాం పద. నేను మానేస్తా. నా బదులు నిన్ను తీసుకోమంటా."

"తీసుకోరు. నిన్ననే అడిగి తెలుసుకున్నా. ఒకసారి వద్దన్నవాళ్ళని మళ్ళీ గడప తొక్కనివ్వరట. నువ్వు మానేస్తే ఇద్దరం బయటే." మరదలు వదిన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, ప్రతి మాటా విడమరిచి చెప్పింది. "ఇంటికి ఒక ఉద్యోగం కావాలి, వచ్చింది. ఇంక రాద్ధాంతం చెయ్యకు."

"అక్కడ పనికొచ్చేది చేతులు కాదు కదే. ఇది," అని వదిన చెవి చూపించింది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"స్పీకరంటే ఎక్కడో పైన ఉంది. ఇదైతే చెవి లోపలే అరుస్తుంది. వినపడుతుందేమో. ఎందుకు వినపడదు? వినపడుతుంది చూడు."

*

ఆదివారం ఇంట్లో పరీక్ష పెట్టారు. మరదలి బలవంతం మీద ఆయనకి సంగతి చెప్పాల్సొచ్చింది. ఆయన విన్నాడు. నీలం గోళ్ళతో మోకాలు గీరుకుంటూ కూర్చున్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ," అన్నాడు చివరికి, "నువ్వు నా మాట పెడచెవిన పెట్టలేదన్నమాట."

"లేదు."

"నేను తిట్టుకున్నాను. లోపల్లోపల ఎన్ని తిట్టుకున్నానో."

"అవీ వినపడలేదులే," అంది వదిన. ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

పాత అట్ట ఒకటి గరాటాలా చుట్టి, సన్నటి కొస వదిన చెవిలో పెట్టి, ఆయన వెనక కూర్చున్నాడు. అందులోకి అంకెలు చెప్పాలి, ఆమె వేళ్ళతో చూపించాలి. మరదలు ఎదురుగా కూర్చుని సరో కాదో చూస్తుంది. ఆయన "మూడు" అన్నాడు. వదిన ఏడు చూపించింది. "ఏడు" అన్నాడు. ఆరు చూపించింది. మూడైనా ఏడైనా ఆరైనా ఆమె చెవి దాకా తోకలే వస్తున్నాయి. తలకాయలు దారిలోనే రాలిపోతున్నాయి. ఆయన గొంతు పెంచాడు. అట్ట అదిరింది, చెవి నొప్పెట్టింది, తోకలు పెద్దవయ్యాయి అంతే. అయినా ఆపలేదు. మధ్యాహ్నం దాకా చెప్పాడు. గొంతు బొంగురుపోయినా చెప్పాడు. మధ్యలో ఒకసారి వరసగా సరైనవి వచ్చేసరికి మరదలు గంతేసింది. "చెప్పలా నేను!" అంది.

ఆ సరైనవి ఎలా వచ్చాయో వదిన చెప్పలేదు. మరదలికి తెలియకుండానే అంకె విన్నప్పుడల్లా ఆమె పెదవులు ఆడాయి. వదిన చూసింది.

*

సోమవారం పొద్దున్న పెద్ద హాలు కడిగిన గిన్నెలా తళతళలాడుతోంది. వదిన కొత్త కోటు వేసుకుని, బండి పట్టుకుని, తన వరస మొదట్లో నిలబడింది. ఇంటి దగ్గర ఆయన తలుపు దాకా వచ్చి ఏమీ అనకుండా చెయ్యి ఊపాడు. మరదలు వీధి మలుపు దాకా వచ్చింది. "భయపడకు," అంది.

ఎడమ వైపు అద్దాల గోడ. అవతల చిన్న గదిలో కొత్త వారం మొదలైంది. కండెల పిన్నీ, మిల్లు ఆడవాళ్ళు ఇంకొందరూ పచ్చకోట్లలో నిలబడి పైకప్పు వైపు చూస్తున్నారు. కండెల పిన్ని వదినని గుర్తుపట్టి, నువ్వా అన్నట్టు కళ్ళు పెద్దవి చేసి, ముక్కు మీద వేలేసుకుంది. వదినకి నవ్వొచ్చింది.

చెవిలో బిళ్ళ బతికింది.

మొదట సన్నటి జుమ్ము. తర్వాత గొంతు. దుప్పటి కింది గొంతే, ఈసారి దుప్పటితో సహా చెవిలో దూరింది. గొంతు ఆగింది. మళ్ళీ పలికింది. అదే మాటేమో, వేరే మాటేమో. బిళ్ళ పక్కనున్న, గొంతు పెంచే మీట చివరికంటా తిప్పింది. తోకలు, తోకలు. చుట్టూ కుర్రకారు కదిలిపోతున్నారు, చక్రాలు దొర్లుతున్నాయి, ఒక్కరి పెదవీ కదలడం లేదు. ఎవరి వైపు చూడాలి? అలవాటుగా సందు చివరికి చూసింది. సందు చివర గోడ ఉంది.

ఒక కుర్రాడు ఆమె బండికి దారి లేక ఆగి, ఏదో అని, పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. గొంతు పలుకుతూనే ఉంది. వదిన బండిని రెండు అడుగులు ముందుకి తోసింది. ఆపింది. ఒక పెట్టె మీద చెయ్యి వేసింది. తీసేసింది. ఇల్లు గుర్తొచ్చింది, బొంగురుపోయిన ఆయన గొంతు గుర్తొచ్చింది. నూనెలో పగిలిన సీసాలు గుర్తొచ్చాయి.

కుడిచెయ్యి పైకి లేచింది. ఆమె ఎత్తలేదు, అదే లేచింది. పిడికిలి బిగుసుకుని నెత్తిమీద నిలబడింది.

హాల్లో ఎవరూ చూడలేదు. చూసిన ఒకరిద్దరు, ఒళ్ళు విరుచుకుంటోందనుకుని చూపు తిప్పుకున్నారు.

అద్దానికి అవతల మాత్రం చిన్న గది ఒక్కసారిగా కదిలింది. పెట్టెలు ఎక్కడివక్కడ వదిలేసి, మిల్లు ఆడవాళ్ళు పరుగెత్తారు. పరుగు పరుగున వచ్చి అద్దానికి తగిలి ఆగిపోయారు. అరచేతులు అద్దానికి ఆనించి, అందరికంటే ముందున్న కండెల పిన్ని పెదవులు పెద్దగా ఆడించింది.

"ఏమైందే?"

హాల్లో ఆమెకి అందిన మొదటి మాట అది. వదిన పిడికిలి దించింది. చేతిమాటలో అబద్ధం ఆడడం మిల్లులో ఎవరికీ తెలియదు, ఆమెకీ తెలియదు. కానీ దీనికి సైగ లేదు. కాసేపు వెతుక్కుంది. ఆఖరికి చెవిలో బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుని, చూపుడువేలు చెవి మీద ఆనించి, చెయ్యి అడ్డంగా ఊపింది. లేదు. ఇది లేదు.

కండెల పిన్ని ఆ చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయింది. ఊరంతటికీ వినపడేలా తప్ప మాట్లాడ్డం రాని కండెల పిన్ని. ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. అద్దం మీద నుంచి ఒక చెయ్యి తీసి, చూపుడువేలు తన చెవి మీద పెట్టుకుంది. ఆమె పక్కనున్న పొట్టి మనిషి ఆమె వైపు చూసి, వదిన వైపు చూసి, తనూ చెవి మీద వేలు పెట్టుకుంది. ఆ పక్కనున్న ఇంకొకామె. ఆ వెనక ఇంకొకామె.

వాళ్ళ వెనక, గది మధ్యలో, సూపర్‌వైజరమ్మ నిలబడి నోటికి రెండు చేతులూ గరాటాలా పెట్టుకుని, మెడ నరాలు పొంగేలా వాళ్ళని పిలుస్తోంది. పిలుస్తూనే ఉంది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.